కిందిసూది నడుము

పరుపులు కుట్టి పదిమందిని నిద్రపుచ్చే మనిషి తాను మాత్రం తలుపు చెక్క మీద పడుకున్నాడంటే నమ్మేవాళ్ళు తక్కువ. కానీ పడుకున్నాడు. చలికాలం మొదట్లో పడుకున్నవాడు ఎండలు ముదిరినా లేవలేదు. చుట్టూ దూది మూటలు, గోడకి చేరగిలేసిన కొత్త పరుపులు, మధ్యలో బోడి చెక్క, చెక్క మీద ఆయన.

ఆ వీధిలో అందరూ ఆయన్ని కిందిసూది అంటారు. అది ఆయన పని. దూది పరుపు కుట్టాలంటే ఇద్దరుండాలి. నడుమెత్తు చెక్క చట్రం, దానికి జానెడు దూరాన ఒకటి చొప్పున అడ్డపట్టీలు. పరుపుని దాని మీద పరుస్తారు. ఒకడు పైన ఎత్తుపీట మీద కూర్చుని మూరెడు సూదిని కిందికి గుచ్చుతాడు. ఇంకొకడు చట్రం కింద పొట్టిపీట మీద కూర్చుని, దిగిన సూదిని అందుకుని, దారం బిగించి, వేలెడు పక్కగా మళ్ళీ పైకి పంపుతాడు. పైన కూర్చునేవాడు ఆయన భార్య తమ్ముడు. వాడు పైసూది. ఆయన పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారు బావా బామ్మర్దులు. ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా పనిచేశారు కాబట్టే ఇన్నేళ్ళు గొడవ లేకుండా గడిచిందని ఆయన భార్య అంటుంది.

వాళ్ళ పరుపంటే మామూలు పరుపు కాదు. ఒక కోర్టు గుమస్తా వాళ్ళ దగ్గర పరుపు కొని శనివారం పడుకుంటే సోమవారం దాకా లేవలేదట. ఇంట్లోవాళ్ళు హడలిపోయి ముక్కు దగ్గర అద్దం పెట్టి చూశారట. అద్దం మీద ఆవిరి కనిపించాక అందరూ ఊపిరి పీల్చుకుని, ఆనక ఆయన పక్కన జాగా కోసం కొట్టుకున్నారట. ఇందులో ఎంత నిజమో గుమస్తా నిద్ర లేచాక చెప్పాలి.

అలాంటి మనిషి నడుము ఎలా పట్టేసిందంటే, కింద పడ్డ దారపు ఉండ తీయడానికి వంగాడు, అంతే. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. దారపు ఉండ ఎంత బరువుంటుంది? పిల్లి ఎత్తగలదు. వీధికి ఈ సంగతి నచ్చలేదు. ఇంత నొప్పికి అంత చిన్న కారణం ఏం బాగుంటుందని, మధ్యాహ్నానికి రెండు పరుపులు ఎత్తాడన్నారు, సాయంత్రానికి నాలుగు చేశారు, మర్నాటికి మెట్ల మీద నుంచి బీరువాని ఒంటిచేత్తో ఆపాడన్నారు. అడిగిన ప్రతివాడికీ ఆయన "దారపు ఉండ" అనే చెప్పాడు. కొన్నాళ్ళకి చెప్పడం మానేసి బీరువాకి ఒప్పేసుకున్నాడు.

మొదట చూసిన డాక్టరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. మిగతా వైద్యమంతా పక్క కొట్టు తాళాలాయన చూసుకున్నాడు. తాళాలు బాగుచేసేవాడికి నడుముల సంగతి తెలియదా అని ఆయన ధీమా.

"లోపల బిళ్ళ జారిందయ్యా," అన్నాడు తాళాలాయన. "మెత్తటి దాని మీద పడుకోకు, ఇంకా జారుతుంది. గట్టి చెక్క కావాలి. వంగావో, అది మొత్తంగా బయటికే వచ్చేస్తుంది."

"బయటికంటే?"

"బయటికే. పరుపు చిరిగితే దూది రాదూ? అలా."

ఈ మాట ఇంకో ఇంట్లో అయితే ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసేవాళ్ళు. పరుపులు కుట్టే ఇంట్లో అది నేరుగా మనసుకి పట్టింది. పాతబడ్డ పరుపు మధ్యలో పల్లం పడటం, గుడ్డ పలచబడటం, ఎవరో పిల్లాడు గెంతగానే కుట్టు పటపటా తెగి దూది పొంగుకొచ్చేయడం వాళ్ళు వేలసార్లు చూశారు. ఆయన కళ్ళు మూసుకుంటే తన వీపు చిరిగి, లోపలి సరుకు బయటికి రావడం కనిపించేది. ఆ రోజు నుంచి వంగలేదు. చట్రం కిందికి దూరాలంటే వంగాలి. కాబట్టి చట్రం దగ్గరికీ వెళ్ళలేదు.

కొట్టు వెనక గదిలో పాత తలుపు చెక్క వేశారు. భార్య చొక్కా గుండీలు పెట్టేది, చెప్పులు తొడిగేది, పడుకున్నచోటే అన్నం తినిపించేది. దువ్వెన కింద పడితే, "మీరు కదలకండీ!" అని వీధి చివర నుంచి కూడా కేకేసేది. మంచి మనిషి. ఆవిడ మంచితనానికి ఆయన చేతులు కూడా పనిమానేశాయి.

మొదట్లో ఇంత కోపం వచ్చేది. తర్వాత విసుగు. ఆ తర్వాత అవి కూడా రావడం మానేశాయి. నడుములో నొప్పి మాత్రం వేళ తప్పకుండా ఉండేది. మిగతా ఆయనంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండేది. మనుషులు వచ్చి మాట్లాడి వెళ్ళేవాళ్ళు. పెదవులు కదలడం చూసి తల ఊపేవాడు. "నొప్పెలా ఉంది?" అంటే "ఉంది" అనేవాడు. "తగ్గిందా?" అన్నా "ఉంది" అనేవాడు.

ఒకసారి పైసూది ఏదో అంటే నవ్వాడు. కోర్టు గుమస్తాకి మళ్ళీ పరుపు కావాలట, ఈసారి కొంచెం మెలకువ వచ్చేది చూడమన్నాడట. ఆ నవ్వు పక్క కొట్టుదాకా వినిపించింది.

"నవ్వుతున్నాడుగా!" అన్నాడు తాళాలాయన, గోడకి అవతల ఎవరితోనో. "నొప్పున్నవాడు అలా నవ్వుతాడేంటి? పని తప్పించుకోవడానికి కాకపోతే."

ఆయన విన్నాడు. అప్పట్నుంచి నవ్వడం మానేశాడు. నొప్పి నిజమని నమ్మాలంటే మొహం కూడా నొప్పిగా ఉండాలి కాబోలని మొహాన్ని అలాగే ఉంచేశాడు. అదేమంత కష్టంగా కూడా లేదు.

ఇది ఇలా ఉండగా అమ్మాయిల హాస్టలు నుంచి వార్డెనమ్మ వచ్చింది. కొత్త గదులు కట్టారు, బడి తెరిచేలోపు గదులన్నిటికీ పరుపులు కావాలంది. పైసూది ఎగిరి గంతేసినంత పనిచేసి ఒప్పేసుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది, కింద ఎవరూ లేరని.

వాడు చేసిన సర్కస్ ఆ వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. పైన కూర్చుని సూది గుచ్చడం, పీట దిగడం, చట్రం కిందికి పాక్కుంటూ పోవడం, సూదిని పైకి పంపడం, మళ్ళీ బయటికి పాకి పీటెక్కి దాన్ని అందుకోవడం. ఒక్కోసారి పీటెక్కేసరికి సూది తిరిగి కిందికి జారిపోయి ఉండేది. అప్పుడు వాడు సూదిని తిట్టే తిట్లకి తాళాలాయన కొట్టులో తాళాలు వాటంతటవే ఊడొచ్చేవట. కింద ఇంకెవరినైనా పెడదామని చూశారు. వచ్చినవాడు మొదటి పరుపుకే పైవాడి అరచేతిలో సూది దించి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వారం గడిచాక ఓ సాయంత్రం గుడ్డ తెరకి ఇవతల పైసూది అక్కతో అంటున్నాడు. "అక్కా, నావల్ల కాదు. ఫోము పరుపులాయన మళ్ళీ వచ్చాడు. కొట్టు ఇచ్చేస్తే ఆయన సరుకు పెట్టి అమ్ముకుంటాడు. మనం కుర్చీలో కూర్చుని చూసుకోవడమే. నెలాఖరుకి ఏ సంగతీ చెప్పమన్నాడు."

"మీ బావ?"

"బావకీ ఓ కుర్చీ వేద్దాం. గట్టిది."

"చట్రం?"

"చట్రమెందుకింక?"

తెరకి అవతల చెక్క మీద పడుకున్న ఆయన అంతా విన్నాడు. చట్రం కింద తన చోటు కళ్ళ ముందుకొచ్చింది. పట్టీల సందుల్లోంచి పడే వెలుగు, నెత్తిన దూది వాసన, పైనుంచి మెరుస్తూ దిగే సూది మొన. ఆ కిందే కూర్చుని ఆయన సంసారం చేశాడు, పిల్లకి పెళ్ళి చేశాడు, తల వెంట్రుకలు తెల్లబరుచుకున్నాడు. అది పోతుంది అనుకున్నాడు. గుండెలో ఏదో కలుక్కుమంటుందేమోనని కాసేపు ఆగి చూశాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మాత్రం తెలిసింది.

మర్నాడు పొద్దున్నే భార్యతో, "నెలాఖరులోపు నేను మళ్ళీ కిందికి దిగాలే," అన్నాడు. ఆ మాట కూడా కూరలో ఉప్పు తక్కువైందన్నట్టే అన్నాడు.

"దిగాలంటే లోపలేముందో చూడాలి," అంది ఆవిడ. "విప్పి చూడకుండా పరుపైనా బాగుచేస్తామా?"

మనిషిని విప్పడం కుదరదు కాబట్టి స్కానింగుకి తీసుకెళ్ళారు. అక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది, తోడొచ్చినవాళ్ళకి సగం ధరకే స్కానింగని. వీళ్ళ కొట్టు ముందు కూడా అలాంటి బోర్డే ఉంటుంది, పరుపు కొంటే తలగడ సగం ధరకని. ఆ బేరం ఎంత మంచిదో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వూ తీయించుకో," అంది అక్క. "మళ్ళీ దొరకదు."

"నాకేం నొప్పి లేదుగా అక్కా?"

"తలగడ కొనేవాళ్ళంతా ఇంట్లో తలగడ లేకపోతేనే కొంటున్నారా? పడుకో."

పైసూది పడుకున్నాడు. గొట్టంలోకి దూరి, డబడబలాడే ఆ మోతలో హాయిగా ఓ కునుకు కూడా తీసి బయటికొచ్చాడు.

రెండు రోజుల తర్వాత రిపోర్టులు వచ్చాయి. ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది పైసూది ఒక్కడే. బావది ముందు చదివాడు. నాలుగు వరుసలుంది. ఒకచోట బిళ్ళ కొంచెం ఉబ్బింది, వయసుకి తగ్గ అరుగుదల. తర్వాత తనది తీశాడు. చదువుతున్నకొద్దీ వాడి గొంతు సన్నబడింది. మూడు చోట్ల ఉబ్బు. ఒకచోట బిళ్ళ పలచబడింది. ఇంకోచోట చీలిక. రెండో పేజీ కూడా ఉంది.

"బావా," అన్నాడు, మొహం తెల్లగా పాలిపోయి. "నీది చిరునామా అంతే ఉంది. నాది వ్యాసం."

గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. పొద్దున పరుపుల మూట భుజాన వేసుకుని మేడెక్కిన మనిషి, మధ్యాహ్నానికి మెట్టు మెట్టుకీ "అమ్మా" అన్నాడు. సాయంత్రానికి నడుము పట్టేసింది. నిజంగానే పట్టేసింది. చెమటలు పోశాయి. పడుకోవడానికి ఇంకో చెక్క లేదు. తాళాలాయన వచ్చి తన పనిముట్లతో చట్రం విప్పి, అడ్డపట్టీలు వరసగా పేర్చి వాడికి పడక వేసి వెళ్ళాడు.

అలా పైసూదీ కిందిసూదీ జీవితంలో మొదటిసారి పక్కపక్కన చేరారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకి నవ్వూ రాలేదు, జాలీ కలగలేదు. వాడి వీపు కింద పరిచిన పట్టీలని చూశాడు. చట్రం పోయింది అనుకున్నాడు.

నాలుగో రోజు వార్డెనమ్మ వచ్చి చూస్తే కొట్టులో కుట్టేవాడు లేడు, చట్రం లేదు. వెనక గదిలో ఇద్దరు మనుషులు వెల్లకిలా ఉన్నారు.

"ఇదేం కొట్టమ్మా, ఆసుపత్రా?" అంది.

కిందిసూది భార్యకి అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. వార్డెనమ్మ కాసేపు ఆలోచించి, "మా ఆటల పిల్లల్ని చూసే ఫిజియో డాక్టరమ్మ ఉంది, పంపిస్తాను. నాకు మాత్రం పరుపులు కావాలి," అని వెళ్ళింది.

ఆ డాక్టరమ్మ సన్నగా, చకచకా మాట్లాడే మనిషి. ముందు ఇద్దరి కాళ్ళూ ఎత్తించింది, మడమల మీద నడిపించింది, చిన్న సుత్తితో మోకాళ్ళు కొట్టింది. కాళ్ళలో బలం తగ్గిందా, ఒంటేలుకి ఇబ్బందుందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా అని అడిగింది. అన్నిటికీ లేదన్నారు.

"ఉంటే ఇప్పుడే ఆసుపత్రికి పంపేదాన్ని," అంది. తర్వాత రిపోర్టులు రెండూ తీసుకుని పేర్ల మీద బొటనవేళ్ళు పెట్టి కిందిసూది భార్యకి చూపించింది. "అమ్మా, చలికాలం నుంచి మంచాన పడ్డ మనిషిది ఈ పెద్దదేగా?"

"కాదండీ. అది మా తమ్ముడిది. వాడు మొన్నటిదాకా పరుపులు మోశాడు."

"మోసేటప్పుడు ఈ ఉబ్బులన్నీ లోపల లేవా?"

పైసూది చెయ్యి వెనక్కి పెట్టి తన వీపు తడుముకున్నాడు.

"ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "వయసొస్తే చాలామందికి ఉంటాయి. తల నెరిసినట్టే. నొప్పి లేనివాళ్ళని వరసగా నిలబెట్టి ఫొటో తీసినా ఎందరికో కనిపిస్తాయి."

"మరి నాకు నొప్పి?" అన్నాడు పైసూది, పట్టీల మీద నుంచి.

"ఎప్పట్నుంచి?"

వాడు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "రిపోర్టు చదివినప్పట్నుంచండీ."

"వీణ్ణి బడికి పంపడమే తప్పయిపోయింది," అంది అక్క.

"అంటే మాది ఉత్త భ్రమంటారా?" అన్నాడు కిందిసూది. ఆ రోజు ఆయన తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

"అనను. నొప్పి నిజం. మీదీ నిజమే, ఆయనదీ నిజమే. ఒకసారి దొంగ పడ్డ ఇంట్లో గాలికి కిటికీ కొట్టుకున్నా అందరూ ఉలిక్కిపడి లేస్తారు. లేవడం నటన కాదు కదా? దొంగ మాత్రం లేడు. మీ నడుము అలా ఉలిక్కిపడటం నేర్చుకుంది. ఇన్ని నెలలు కదలకుండా పడుకోబెట్టి ఇంకా బెదరగొట్టారు."

ఆయన చెక్క మీద నుంచి ఆవిడ వైపు తల తిప్పాడు. "వంగితే బయటికొస్తుందా?"

"ఏది?"

"ఆ జారింది."

డాక్టరమ్మ నవ్వలేదు. ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "అది జారే వస్తువు కాదండీ. ఎముకకీ ఎముకకీ మధ్య గట్టిగా అతుక్కుని ఉంటుంది. దూది కాదు. లేవండి, వంగి చూద్దాం."

ఆయన లేచి నిలబడ్డాడు. భార్య రెండు చేతులూ చాపి వెనక నిలబడింది, ఏదైనా పడితే పట్టుకుందామని. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టి నెమ్మదిగా వంగాడు. నడుము మధ్యలో సలుపు లేచి, తొడ దాకా పాకింది. పళ్ళు బిగపట్టి మళ్ళీ నిటారుగా లేచాడు.

"నొప్పేసింది," అన్నాడు.

"వేస్తుంది. ఇంకేం జరిగింది?"

ఆయన వెనక్కి తిరిగి నేల చూశాడు. నేల మీద ఏమీ లేదు. "ఏం జరగలేదు," అన్నాడు.

"రేపు కూడా అంతే వంగండి. ఎల్లుండి ఇంకాస్త. రోజూ నడవండి, నొప్పున్నా కొంచెం కొంచెంగా పని మొదలుపెట్టండి. ఒక్కసారే మీద పడొద్దు. ఇంతకీ ఇన్ని పరుపులుండగా ఆ చెక్కేంటి? మీకు హాయిగా ఉన్నదాని మీద పడుకోండి."

పైసూది మధ్యాహ్నం అన్నానికే లేచాడు. సాయంత్రానికి చట్రం బిగించేశాడు. మర్నాటికి వాడికి నొప్పెక్కడ వచ్చిందో కూడా గుర్తులేదు.

దానితో వీధికి కొత్త పని దొరికింది. "వాడు లేచాడుగా, ఈయనకేం రోగం? అంతా మనసులోనేనట," అనడం మొదలుపెట్టారు. ఆయన ఆ మాటలు వింటూనే నడవడం మొదలుపెట్టాడు. ఆయన నొప్పి మధ్యాహ్నం అన్నానికి పోయే రకం కాదు. పొద్దున తాళాలాయన కొట్టుదాకా నడిచేవాడు. తర్వాత వీధి మలుపుదాకా. ఒకరోజు బాగుందని బజారుదాకా వెళ్ళి, రెండు రోజులు మూలిగాడు. భార్య పరిగెత్తుకొచ్చి గుండీలు పెట్టబోతే, "నేను పెట్టుకుంటాలే," అన్నాడు. ఆవిడ చేతులు ఏం చేయాలో తెలియక కొంగు చివర మడతపెట్టుకున్నాయి.

చట్రం కిందికి మొదటిసారి దూరిన రోజు ఒక్క వరస కుట్టాడు. సూది పైనుంచి దిగింది, అందుకున్నాడు, పంపాడు. పైనుంచి బామ్మర్ది, "బావా, ఉన్నావా?" అన్నాడు. "ఉన్నాను," అన్నాడు. వరస అయ్యాక బయటికొచ్చి, కాసేపు నిలబడి, వీధిలో ఓ చుట్టు నడిచొచ్చి కొంతసేపు పడుకున్నాడు. మర్నాడు ఒకటిన్నర వరస. ఆ ఒకటిన్నర బాగా కుట్టాడా లేదా అని పైసూది దారం లాగి చూశాడు. బిగిసిన దారం కింద వేలు దూరలేదు.

నెలాఖరున ఫోము పరుపులాయన టేపు పట్టుకుని వచ్చాడు. చెప్పాపెట్టకుండా గోడ దగ్గర మొదలుపెట్టి నేల కొలుచుకుంటూ వచ్చాడు. బీరువాలు ఇక్కడ, బల్ల అక్కడ అని గొణుక్కుంటూ టేపుని చట్రం కిందికి తోశాడు. టేపు ఆగిపోయింది. ఇంకా తోశాడు. వంగి చూశాడు. పొట్టిపీట మీద ఒక మనిషి, టేపుకి అడ్డంగా ఆ మనిషి కాలు.

"మీరా? పడుకుని ఉన్నారన్నారే!" అన్నాడు ఫోమాయన. "నొప్పి తగ్గిందా?"

"లేదు."

"మరి కాస్త కాలు తీస్తారా, కొలుచుకుంటాను."

"తీయను," అన్నాడు కిందిసూది. "ఇక్కడ పనుంది."

గొంతులో కోపమేమీ లేదు. ఫోమాయన తలెత్తి పైసూది వైపు చూశాడు. పైసూది దారం మైనం ముద్దకి రాస్తూ, "విన్నారుగా?" అన్నాడు. టేపు గిరగిరా చుట్టుకుని డబ్బాలోకి వెళ్ళిపోయింది.

బడి తెరిచే రోజుకి వార్డెనమ్మకి అన్ని పరుపులూ అందలేదు. చివరి గదుల పిల్లలు కొన్నాళ్ళు పాత పరుపుల మీదే సర్దుకున్నారు. ఆవిడ నానా మాటలూ అంది, మిగతావి వర్షాలు ముదిరేలోపు ఇవ్వాలంది. ఇస్తామన్నారు.

ఆవిడ వెళ్ళాక కిందిసూది చట్రం కిందికి దూరాడు. దూరేటప్పుడు నడుము మామూలుగానే సలిపింది. పీట మీద సర్దుకుని చెయ్యి పైకెత్తి, పట్టీల సందులో సూది మొన దిగే చోట వేళ్ళు ఉంచాడు.

"ఊఁ," అన్నాడు పైకి.